ఫోటోలు బాగా రావాలంటే ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళండి

విజయవాడలో ఉంటానని, కొత్తగా ఫోటోలు మొదలుపెట్టానని చెప్పి, మనుషులు, పక్షులు, గుళ్ళు, తిండి అన్నీ బాగా తీయాలంటే ఏం నేర్చుకోవాలి, ఏ లెన్స్ కొనాలి అని అడిగారు. లెన్స్ సంగతి ముందే తేల్చేస్తాను. సెకండ్ హ్యాండ్‌లో 50 ఎంఎం 1.8 లెన్స్ తీసుకోండి, చాలు. జూమ్ ఉండదు గానీ తక్కువ వెలుగులోనూ పనికొస్తుంది. అదీ కుదరకపోతే ఫోన్ చాలు. కాకపోతే ఫోన్‌లో మామూలు 1ఎక్స్ పెట్టి మొహం దగ్గరికి వెళ్తే ముక్కు పెద్దదైపోతుంది. రెండడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ పెట్టండి.

ఇక అసలు విషయం. పక్షులకొక చిట్కా, గుళ్ళకొక చిట్కా అని వెతుక్కుంటూ పోతే ఏదీ పట్టుబడదు. వెలుగు ఎటు నుంచి వస్తోంది, దేని మీద పడి ఎటు తిరుగుతోంది అని చూడటం అలవాటైతే మిగతావన్నీ వాటంతటవే వస్తాయి. అందుకు ఒక చోటు ఎంచుకుని అక్కడికే పదే పదే వెళ్ళాలి. నాకు ఆ చోటు గుంటూరు మిర్చి యార్డు.

సీజన్‌లో ఒక పొద్దున ఒక కమీషన్ కొట్టు వాళ్ళను అడిగి లోపలికి వెళ్ళాను. షెడ్డు అంచున ఒక పెద్దావిడ తేజ రకం మిరపకాయల రాశి ముందు కూర్చుని తాలు, అంటే రంగు పోయిన కాయలు, ఏరుతోంది. నేను కెమెరా ఎత్తగానే, "ముందు ముక్కుకు గుడ్డ కట్టుకో నాయనా, ఫోటో తర్వాత తీద్దువుగాని" అంది. కట్టుకున్నాక కాసేపు పక్కనే కూర్చున్నాను. అప్పుడు కనిపించింది: బయటి ఎండ రాశి మీద పడి పైకి తిరగడంతో ఆమె గడ్డం కింద, బుగ్గల కింద అంతా ఎర్రగా ఉంది. కంటికి అది పెద్దగా తెలియదు, మెదడు సర్దేసుకుంటుంది. కెమెరా సర్దుకోదు. పక్కనే ఖాళీ తెల్ల సంచులు పడి ఉంటే, ఆమెనే అడిగి రెండు సంచులు రాశికీ ఆమెకూ మధ్య పరిచాను. మొహం మీద ఎరుపు పోయి, చామనఛాయ ఉన్నదున్నట్టు వచ్చింది. వేళ్ళకు అంటుకున్న గింజలు, తొడిమల పసుపు రంగు కూడా కనిపించాయి. వందల రూపాయలు పోసి రిఫ్లెక్టర్ కొనక్కర్లేదు, వెలుగును తిప్పే తెల్లటి వస్తువు ఏదైనా చాలు.

ఎరుపుతో ఇంకో చిక్కుంది. స్క్రీన్ మీద వెలుగు సరిగ్గానే ఉన్నట్టుంటుంది కానీ, ఎరుపు ఒక్కటే హద్దు దాటిపోయి కాయలన్నీ కలిసి ఒక ముద్దలా కనిపిస్తాయి. ఎక్స్‌పోజర్, అంటే కెమెరా తీసుకునే వెలుగు, ఒక స్టాప్ తగ్గించండి; ఒక స్టాప్ అంటే సగానికి సగం. ఫోన్‌లో అయితే రాశి మీద వేలు పెట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగండి. కాయ మీద మెరుపు, ముడత తిరిగి వస్తాయి. ఎర్ర పట్టుచీరకూ, మందారానికీ ఇదే మంత్రం.

పక్షులకు ఉప్పలపాడు వెళ్ళండి, గుంటూరు పక్కనే. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చెరువులోని చెట్ల మీద గూళ్ళు కట్టుకుంటాయి. ఎగిరే పక్షికి షటర్ వేగం సెకనులో వెయ్యో వంతు (1/1000) కన్నా నెమ్మదిగా ఉండకూడదు. వెనక తెల్లటి ఆకాశం ఉంటే పక్షి నల్లబడుతుంది కాబట్టి ఒక స్టాప్ పెంచండి. ఎండ నేరుగా తెల్ల రెక్కల మీద పడుతుంటే తగ్గించండి. ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతున్నాను: ఎగరడం కోసం చప్పట్లు కొట్టకండి. గూట్లో పిల్లలున్నప్పుడు తల్లి లేచిపోతే ఆ పిల్లలు ఎండకు మాడతాయి, కాకులకు దొరుకుతాయి. మంచి ఖరీదైన లెన్సులు పట్టుకొచ్చిన వాళ్ళే ఈ పని చేయడం చూశాను. నాకు ఒళ్ళు మండిపోతుంది.

ఉండవల్లి గుహల్లో ఫ్లాష్ వేయకండి. ఎదురుగా వెలుగు కొడితే చెక్కడం లోతు పోయి రాయి చదునుగా కనిపిస్తుంది. స్తంభానికి భుజం ఆనించి, ఊపిరి బిగబట్టి, పక్క నుంచి వచ్చే వెలుగులోనే తీయండి. ఇడ్లీకీ ఇదే సూత్రం: ట్యూబ్‌లైట్ ఆపి కిటికీ పక్కన పెట్టుకోండి. ఆవిరి కనిపించాలంటే వెలుగు ప్లేటు వెనక నుంచి రావాలి, ఆ వెనకాల ముదురు రంగుండాలి.

ప్రకాశం బ్యారేజీ మీద సాయంత్రం అందరూ పడమటి వైపే ఫోన్లు ఎత్తుతారు. తర్వాత ఆకాశం నారింజ సోడాలా కనిపించేదాకా రంగు పెంచుతారు. ఒక్కసారి వెనక్కి తిరిగి, సూర్యుణ్ణి చూస్తున్న ఆ మొహాల్ని తీయండి. ఆ వేళ మొహాల మీద పడే వెచ్చటి వెలుగే వేరు. పెళ్ళి ఆల్బమ్‌లలో ముడతలు, పుట్టుమచ్చలు చెరిపేసి అందరినీ ఒకే తెలుపు చేసేవాళ్ళ మీద కూడా నాకు కోపమే. మా అమ్మమ్మ మొహం ఒక ఆల్బమ్‌లో నాకే గుర్తుపట్టరాలేదు.

చివరగా, మీరు అడగలేదు గానీ, ప్రింట్లు వేయించండి. నీడల్లో ఏం పోయిందో, ఎక్కడ రంగు ఎక్కువైందో కాగితం మీద వెంటనే తెలుస్తుంది. ల్యాబ్‌లో కలర్ కరెక్షన్ చేయొద్దని ముందే చెప్పండి, లేదంటే వాళ్ళ మెషీన్ మిర్చిని కూడా నారింజ రంగు చేసేస్తుంది. మనుషుల ఫోటోలైతే రెండు కాపీలు వేయించి, ఒకటి వాళ్ళకే ఇచ్చి రండి. తర్వాతిసారి వెళ్ళినప్పుడు వాళ్ళు కెమెరా వైపు చూడటం మానేసి తమ పని తాము చేసుకుంటారు. మీకు కావలసిన ఫోటో అప్పుడే వస్తుంది.