ప్లాంటెడ్ ట్యాంకుకి సీఓటూ: సెకనుకి ఎన్ని బుడగలు పెట్టాలి?

మీరు అడిగింది ఇదీ: చేపలతో పాటు మొక్కలు పెంచే రెండడుగుల ట్యాంకు, మొక్కలకి చక్కెర-ఈస్టు సీసాతో సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) గ్యాసు ఇస్తున్నారు, అడుగున పరుచుకోవాల్సిన మాంటే కార్లో మొక్క పాకడం లేదు, ఆకుల అంచులకి నల్లటి వెంట్రుకల్లా పాచి పడుతోంది. సిలిండర్ కొనాలా, కొంటే సెకనుకి ఎన్ని బుడగలు, చేపలు చచ్చిపోవు కదా?

నాదీ రెండడుగుల ట్యాంకే, అరవై లీటర్ల పైచిలుకు. హైదరాబాద్, బోరు నీళ్ళు. రెండేళ్ళు సీసాతో నెట్టుకొచ్చి సిలిండర్‌కి మారాను. మారిన మొదటి నెలలోనే చేపల్ని చంపుకున్నాను కాబట్టి మీ చివరి ప్రశ్న నుంచే మొదలుపెడతాను.

ఆ రోజు ఆదివారం, సాయంత్రం చుట్టాలు వస్తున్నారు. మధ్యాహ్నం రెండింటికి గ్యాసు మొదలైంది. మూడైనా డ్రాప్ చెకర్‌లో (నీళ్ళలో గ్యాసు ఎంతుందో రంగుతో చూపే చిన్న బుడ్డి; తక్కువైతే నీలం, సరిపోతే ఆకుపచ్చ) నీలం రంగే. గ్యాసు పెంచడానికి నీడిల్ వాల్వ్ కాస్త తిప్పాను. నాలుగైనా నీలమే. ఇంకాస్త తిప్పి వెళ్ళి పడుకున్నాను. ఆరింటికి అమ్మ లేపింది, ‘ఒరేయ్, చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి చూడు’ అని. గ్యాసు కట్టేసి, చెంబుతో నీళ్ళు తీసి పైనుంచి పోస్తూ, ఎయిర్ పంపు పెట్టి, సగం నీళ్ళు మార్చాను. అయినా ఇరవై నియాన్ టెట్రాల్లో తొమ్మిది పోయాయి. ఇంత జరిగినా డ్రాప్ చెకర్ మాత్రం అప్పటికీ సరిగ్గా ఆకుపచ్చకి రాలేదు!

తప్పు నాదే. డ్రాప్ చెకర్‌లో ట్యాంకు నీళ్ళే పోశాను. అందులో పోయాల్సింది 4 కేహెచ్ (నీళ్ళలో కార్బొనేట్ల కొలత) ద్రావణం. ఆ ద్రావణం ఆకుపచ్చగా మారితేనే ట్యాంకులో గ్యాసు 30 పీపీఎం (లీటరుకి 30 మిల్లీగ్రాములు) దగ్గర ఉన్నట్టు. నా బోరు నీళ్ళ కేహెచ్ 14. ఆ నీళ్ళతో అదే ఆకుపచ్చ రావాలంటే గ్యాసు 100 పీపీఎం దాటాలి. నేను రంగు కోసం వాల్వ్ తిప్పుతూ పోయాను, చేపలు అంతకుముందే ఉక్కిరిబిక్కిరయ్యాయి. పైగా సరైన ద్రావణం పోసినా రంగు మారడానికి గంట నుంచి రెండు గంటలు పడుతుంది. అంటే మీకు కనిపించేది ఇప్పటి సంగతి కాదు, రెండు గంటల కిందటిది. అందుకే వాల్వ్‌ని రోజుకి ఒక్కసారే, అదీ పిసరంత తిప్పండి. కొత్తగా పెడుతున్నప్పుడు మీరు ఇంట్లో ఉండే రోజే చెయ్యండి.

బుడగల లెక్క అడిగారు. నా అంకె మీకు పనికిరాదు. ఒక్కో బబుల్ కౌంటర్‌లో బుడగ ఒక్కో సైజులో వస్తుంది. నేను నమ్మేది పీహెచ్‌ని. ట్యాంకు నీళ్ళు ఒక గ్లాసులో తీసి ఒక రోజంతా బయట ఉంచితే అదనంగా ఉన్న గ్యాసంతా పోతుంది. దాని పీహెచ్ చూడండి. నాకు 8 వచ్చింది. లైటు వెలిగే సమయానికి ట్యాంకులో 7 దగ్గరికి రావాలి. పీహెచ్ ఒక పాయింటు తగ్గిందంటే గ్యాసు పదింతలు అయినట్టు. మొదట రెండు మూడు పీపీఎం ఉన్నది 30 దాకా వచ్చిందని అర్థం. నాకు లైటు నాలుగింటికి, గ్యాసు రెండింటికి. లైటు పదకొండింటికి ఆరితే, గ్యాసు పదికే ఆగుతుంది. రాత్రి మొక్కలకి దాంతో పని లేదు, అవి కూడా చేపల్లాగే ఆక్సిజన్ పీల్చుకుంటాయి.

ఇక మీ నల్ల పాచి. నా అనుభవంలో అది గ్యాసు తక్కువై కాదు, ఒక రోజు ఎక్కువ ఒక రోజు తక్కువ అయితే వస్తుంది. చక్కెర సీసా చేసేది సరిగ్గా అదే. కలిపిన మూడు రోజులు బుసబుసా పొంగుతుంది, తర్వాత నీరసపడుతుంది. మే నెలలో మా ఇంట్లో వారం కూడా నిలవలేదు. రాత్రి ఆపడానికీ వీలుండదు. సిలిండర్‌కి ఇప్పుడే అంత డబ్బు పెట్టలేకపోతే నిమ్మ ఉప్పు, వంట సోడాతో నడిచే రెండు సీసాల కిట్ కొంత నయం, దానికి వాల్వ్ ఉంటుంది. 200 గ్రాముల సోడా నుంచి సుమారు 100 గ్రాముల గ్యాసు వస్తుంది. అనూబియాస్, జావా ఫెర్న్ లాంటి, గ్యాసు ఇవ్వకపోయినా పెరిగే మొక్కలే ఉంటే అసలు ఇవేవీ వద్దనేవాణ్ణి, కానీ మీకు కావలసింది మాంటే కార్లో తివాచీ.

సిలిండర్ కొంటే ఒక్క మాట గట్టిగా చెబుతాను: దాని ప్రెషర్ మీటర్‌ని నమ్మకండి. లోపల గ్యాసు ద్రవంగా ఉంటుంది. ఆ ద్రవం ఒక్క చుక్క మిగిలినా ఒత్తిడి అంతే ఉంటుంది. 20 డిగ్రీల్లో 57 బార్ దగ్గర, 30 డిగ్రీల్లో 72 దగ్గర. అంటే ముల్లు చెప్పేది గదిలో వేడి ఎంతో, గ్యాసు ఎంతో కాదు. ఎండాకాలం 31 డిగ్రీలు దాటితే ద్రవం కూడా ఉండదు, ముల్లు ఇంకా పైకి పోతుంది. అందుకని సూట్‌కేసు తూచే కొక్కెం త్రాసుతో ఆదివారం ఆదివారం తూచుకుంటాను. ఖాళీ బరువు సిలిండర్ మెడ మీద కొట్టి ఉంటుంది. నాకు వారానికి యాభై గ్రాముల చొప్పున తగ్గుతుంది, రెండు కిలోలు ఎనిమిది తొమ్మిది నెలలు వస్తాయి. రెండొందల గ్రాములు మిగలగానే మార్చేస్తాను. చవక రెగ్యులేటర్లలో (సిలిండర్ ఒత్తిడిని తగ్గించి ఇచ్చేవి) సిలిండర్ ఖాళీ అయ్యేటప్పుడు బయటికొచ్చే ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి, మిగిలిందంతా ట్యాంకులోకి కక్కేస్తుంది.

సిలిండర్ నిలబెట్టే వాడండి, పడుకోబెడితే ద్రవం రెగ్యులేటర్‌లోకి వస్తుంది. సిలికాన్ ట్యూబు వద్దు, దాని గోడల్లోంచే గ్యాసు పోతుంది, పీయూ (పాలీయురేథేన్) ట్యూబు తీసుకోండి. నీళ్ళు వెనక్కి రాకుండా ఆపే చెక్ వాల్వ్ మర్చిపోవద్దు. జాయింట్లకి సబ్బు నురుగు పూసి చూడండి. రీఫిల్ నేను మంటలార్పే సిలిండర్లు నింపే షాపులో చేయిస్తాను. తెచ్చేటప్పుడు కారు అద్దాలు దించే ఉంచండి.

ఇంకోటి, కరెంటు పోతే సోలెనాయిడ్ (టైమర్‌తో గ్యాసు తెరిచి మూసే కరెంటు వాల్వ్) మూసుకుంటుంది, మంచిదే. కానీ చక్రం తిరిగే టైమర్ కూడా అక్కడే ఆగుతుంది. మా లైటు ఇన్వర్టర్ మీద, గ్యాసు మామూలు లైను మీద ఉండేవి. ఒకసారి వానకి మూడు గంటలు కరెంటు పోయింది. ఆ తర్వాత వారం రోజులు లైటు వెలిగిన గంటకి గ్యాసు వచ్చిందని, లైటు ఆరాక కూడా నడిచిందని నేను గమనించలేదు, పాచి గమనించింది. ఇప్పుడు బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ వాడుతున్నాను.

పాచి పట్టిన ఆకులు ఇక బాగుపడవు, కత్తిరించెయ్యండి. మీ నీళ్ళ కేహెచ్, గ్లాసు నీళ్ళ పీహెచ్ చూసి ఇక్కడ రాయండి, వాల్వ్ ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చూద్దాం.