సర్కారు దవాఖానలో నర్సు పోస్టు: అమ్మాయిని పంపాలా, వద్దా?

ప్రశ్న: మేం ఉప్పల్‌లో ఉంటాం సార్. మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ అయిపోయి, కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ కూడా చేయించుకుంది. సిటీలో ఒక పెద్ద గవర్నమెంటు హాస్పిటల్లో అవుట్‌సోర్సింగ్ మీద నర్సు పోస్టు వస్తోంది. ఒక కార్పొరేట్ హాస్పిటల్ వాళ్లు కూడా పిలిచారు, అక్కడ జీతం కాస్త ఎక్కువ. అమ్మాయేమో గవర్నమెంటుకే పోతానంటోంది. మా ఆయన మాత్రం అక్కడన్నీ గొడవలు, రోగాలు, నైట్ డ్యూటీలు, రేపు సంబంధాలు కూడా రావు అని ఒప్పుకోవడం లేదు. అసలు అక్కడ పని ఎలా ఉంటుందో ఉన్నదున్నట్టు చెప్పండి.

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మాయిని కూర్చోబెట్టి ఒక్క మాట అడగండి. తను ఆశపడుతున్నది గవర్నమెంటు ఉద్యోగానికా, గవర్నమెంటు హాస్పిటల్లో పనికా? మనిళ్లల్లో ఈ రెండింటినీ కలిపేస్తారు. అవుట్‌సోర్సింగ్‌లో పని చెప్పేది హాస్పిటల్, జీతం వేసేది ఏజెన్సీ. జీతం రెండు నెలలు ఆగిందనుకోండి, సూపరింటెండెంట్ ఆఫీసుకి పోతే ఏజెన్సీని అడగమంటారు, ఏజెన్సీ వాళ్లేమో పైనుంచి బడ్జెట్ రాలేదంటారు. ఇలా తిరిగి తిరిగి విసిగిపోయిన పిల్లల్ని చాలామందిని చూశాను. రెగ్యులర్ పోస్టు సంగతి వేరు. తెలంగాణలో నర్సింగ్ ఆఫీసర్ (అదే స్టాఫ్ నర్సు) స్కేలు 36,750 దగ్గర మొదలవుతుంది, దాని మీద డీఏ, హెచ్‌ఆర్‌ఏ ఉంటాయి. పాత పెన్షన్ మాత్రం రెగ్యులర్ అయినా రాదు, 2004 సెప్టెంబరు తర్వాత చేరినవాళ్లందరికీ సీపీఎస్సే, అంటే జీతంలోంచి నెలనెలా కొంత కట్టే కొత్త పెన్షన్.

మరి అవుట్‌సోర్సింగ్‌లో చేరి లాభమేంటి అంటారా, ఉంది. గవర్నమెంటు హాస్పిటళ్లలో పోస్టులు నింపే మెడికల్ రిక్రూట్‌మెంట్ బోర్డు వేసే నర్సింగ్ ఆఫీసర్ నోటిఫికేషన్లలో పరీక్షకి 80 మార్కులు, మిగిలిన 20 మార్కులు గవర్నమెంటు హాస్పిటళ్లలో కాంట్రాక్టు మీదో అవుట్‌సోర్సింగ్ మీదో చేసిన సర్వీసుకి. ఆరు నెలల సర్వీసుకి 2 మార్కులు, గిరిజన ప్రాంతంలో అయితే 2.5. కార్పొరేట్‌లో పదేళ్లు చేసినా ఈ ఖాతాలో సున్నాయే. అరమార్కు తేడాతో వందల మంది వెనక్కి పోయే పరీక్షలో ఇదేం చిన్న విషయం కాదు. అయితే సర్వీసు సర్టిఫికెట్ సరైన అధికారి సంతకంతో ఉండాలి, నోటిఫికేషన్ పడ్డాక దానికోసం పరుగెత్తే బదులు చేరిన రోజు నుంచే జాయినింగ్ ఆర్డరు, జీతం స్లిప్పులు, హాజరు కాగితాలు ఒక ఫైల్లో పెట్టుకోమనండి.

రెగ్యులర్ పోస్టు మీద ఆశతో ఇంట్లో కూర్చుని చదువుకుంటానంటే మాత్రం ఒప్పుకోకండి. ఒక పెద్ద నోటిఫికేషన్ 2022 డిసెంబరు చివర్లో పడింది, పరీక్ష 2023 ఆగస్టులో జరిగింది, ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలు ఇచ్చేసరికి 2024 జనవరి 31. ఏడాది దాటింది కదా. పైగా తర్వాతిది ఎప్పుడు పడుతుందో ఎవరి చేతుల్లోనూ లేదు. చేతిలో పని ఉండగా చదువుకోవడమే మేలు.

ఇక పని సంగతి.

పెద్ద దవాఖాన మెడిసిన్ వార్డులో రాత్రి ఎనిమిదికి డ్యూటీ ఎక్కగానే హ్యాండోవర్ ఉంటుంది. సాయంత్రం డ్యూటీ సిస్టర్ కేస్ షీట్లు చేత్తో పట్టుకుని ఒక్కో మంచం దగ్గర ఆగి చెప్తుంది: ఈయనకి పదింటికి సెలైన్ మార్చాలి, ఈమెకి రక్తం తేవాలి, శాంపిల్ పోయింది రిపోర్టు ఇంకా రాలేదు, ఆ చివరి మంచం మీది తాతకి ఎవరూ లేరు, బస్టాప్‌లో పడి ఉంటే 108 వాళ్లు తెచ్చారు. మంచాలు అయిపోయాక ట్రాలీల మీదున్నవాళ్లు, వాళ్ల తర్వాత కింద దుప్పటి పరుచుకున్నవాళ్లు. స్టాండు ఖాళీ లేకపోతే సెలైన్ బాటిల్ కిటికీ ఊచకి వేలాడుతుంటుంది. ఇవన్నీ రాసుకునేలోపే నలుగురు చుట్టూ చేరి సిస్టర్ మా నాన్నకి చలి పెడుతోంది, సిస్టర్ బాటిల్ అయిపోయింది, సిస్టర్ డాక్టర్ ఎప్పుడొస్తారు అంటూ ఒకేసారి అడుగుతుంటారు, అవతల క్యాజువాలిటీ నుంచి ఇంకో కేసు పైకి వస్తోందని ఫోను మోగుతుంటుంది. బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకి ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. రాత్రిపూట వార్డులో ఆ లెక్క ఎవరికీ గుర్తుండదు, ఒక్కరే ముప్పై మందిని చూసుకోవడం మామూలు విషయం. దానికి తోడు మందుల ఇండెంటు, స్టాకు రిజిస్టర్లు, డిశ్చార్జిలు, పోలీసులకి చెప్పాల్సిన మెడికో లీగల్ కేసైతే ఆ కాగితాలు. పేషెంటు దగ్గర గడిపే టైము కంటే రాతపనికే ఎక్కువ టైము పోతోందని మొత్తుకోని నర్సు నాకింకా తగల్లేదు.

నేర్చుకోవడం మాట అడిగితే మాత్రం అలాంటి చోటు ఇంకోటి లేదు. పురుగుల మందు తాగిన మనిషిని తీసుకొస్తారు. కంటిపాప ఎంత ఉంది, నోట్లో చొంగ తగ్గిందా, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోంది అని మళ్లీ మళ్లీ చూసి చెప్తుంటేనే డాక్టరు విరుగుడు మందు అట్రోపిన్ పెంచాలో తగ్గించాలో తేలుస్తాడు, ఆ చూడ్డం రాత్రంతా నర్సు పనే. వాంతులు విరేచనాలతో ఒంట్లో నీళ్లన్నీ పోయిన పసిపిల్లకి నరం దొరకదు, తల్లి పక్కనే ఏడుస్తుంటుంది, చెయ్యి వణక్కుండా సెలైన్ ఎక్కించే సూది గొట్టం, క్యాన్యులా పెట్టాలి. పాముకాట్లు, కాలిన కేసులు, సిటీ చుట్టుపక్కల జిల్లాల నుంచే కాకుండా బీదర్ వైపు నుంచి కూడా చివరి నిమిషంలో రెఫర్ అయి వచ్చే కేసులు. కార్పొరేట్‌లో ఒక ఏడాదిలో చూసేది ఇక్కడ నెలలో కళ్లబడుతుంది. అలాగని కార్పొరేట్‌ని తీసిపారేయలేం. అక్కడ ఐసీయూ ప్రోటోకాల్స్, కొత్త మెషీన్లు, ప్రతిదీ కంప్యూటర్లో ఎక్కించే అలవాటు వస్తాయి. మీ అమ్మాయికి జర్మనీయో గల్ఫో పోవాలని మనసులో ఉంటే ఆ అనుభవం పనికొస్తుంది, అప్పుడు నేనే కార్పొరేట్‌కి ఓటేస్తాను. టామ్‌కామ్ అని రాష్ట్ర ప్రభుత్వ సంస్థే నర్సుల్ని బయటి దేశాలకి పంపుతోంది, ఏజెంట్ల చేతిలో లక్షలు పెట్టే ముందు అక్కడ కనుక్కోండి.

ఏ దవాఖాన, ఏ వార్డు అన్నది కూడా అడగండి, గవర్నమెంటు అనగానే అన్నీ ఒకటే కావు. గాంధీ, ఉస్మానియాలో అన్ని రకాల కేసులూ వస్తాయి. నిలోఫర్‌లో పసిపిల్లలు, పేట్లబురుజులో కాన్పులు. నల్లకుంట ఫీవర్ హాస్పిటల్లో వానాకాలం వస్తే జ్వరాల ఓపీ లైను తరగదు, కుక్కకాటు టీకాకి వచ్చేవాళ్లు సరేసరి. ఎంఎన్‌జేలో క్యాన్సర్ పేషెంట్లు, అక్కడ పని చెయ్యాలంటే వేరే గుండె కావాలి. కొత్తగా వచ్చిన పిల్లకి మొదటే క్యాజువాలిటీ వేస్తే బెదిరిపోయే ప్రమాదం ఉంది, కాకపోతే రోస్టర్ వేసేది మనం కాదు కదా.

మీవారి భయాల్లో రోగాల భయం సగం నిజం. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ అయ్యాయో లేదో చూడండి, అయినా టీకా పనిచేసిందో లేదో తెలియడానికి ఒకసారి టైటర్ అనే రక్తపరీక్ష చేయించండి. సూదికి మళ్లీ మూత పెట్టే అలవాటుంటే ఇవాళే మానుకోమనండి, చాలామందికి సూది గుచ్చుకునేది అక్కడే. వాడిన సూది తెల్ల డబ్బాలోకే పోవాలి. పొరపాటున గుచ్చుకుంటే సిగ్గుపడి దాచకుండా సబ్బు నీళ్లతో కడిగి వెంటనే చెప్పాలి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు రెండు గంటల్లోపు మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే ఇక దాంతో ఉపయోగం లేదు. టీబీ వార్డులో ఎన్95 మాస్కు తప్పనిసరి, స్టోర్‌లో లేవంటే మన డబ్బుతోనైనా కొనుక్కోవాలి.

గొడవలూ అబద్ధం కాదు. ఎక్కువ రేగేది మనిషి పోయినప్పుడు. ఆ కోపమంతా ఎదురుగా యూనిఫాంలో ఉన్న అమ్మాయి మీద పడుతుంది. స్ట్రెచర్ తోయడానికి ఎవడో డబ్బులకి చెయ్యి చాపుతాడు, తిట్లు మాత్రం నర్సు తింటుంది. ఆసుపత్రి సిబ్బంది మీద చెయ్యి చేసుకుంటే మూడేళ్ల దాకా జైలు, 50,000 దాకా జరిమానా వేసే చట్టం 2008 నుంచీ ఉంది, కానీ అర్ధరాత్రి వార్డులో చట్టం వచ్చి కాపాడదు. సెక్యూరిటీ ఎక్కడుంటారు, డ్యూటీలో ఉన్న ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్) నంబరు ఏంటి అన్నవి మొదటి రోజే కనుక్కోవాలి. చెడ్డ వార్త ఒక్కతే చెప్పకుండా డాక్టరు పక్కన ఉండగానే చెప్పాలి. సగం గొడవలు ఏం జరుగుతోందో ఎవరూ చెప్పకపోవడం వల్ల మొదలవుతాయి, రెండు నిమిషాలు ఆగి పాతబస్తీ నుంచి వచ్చిన అమ్మీజాన్‌కి ఆమె ఉర్దూలోనే చెప్తే ఆ ఇంటోళ్లే రేపు మీ అమ్మాయికి కాపలా ఉంటారు. హైదరాబాద్‌లో పెరిగిన పిల్ల కాబట్టి ఆ మాట వచ్చే ఉంటుంది.

రాకపోకలకి పెద్ద ఇబ్బంది లేదు. డ్యూటీలు సాధారణంగా పొద్దున ఎనిమిది, మధ్యాహ్నం రెండు, రాత్రి ఎనిమిదికి మారతాయి, కాబట్టి అర్ధరాత్రి రోడ్డు మీద ఉండే పని పడదు. గాంధీ అయితే గేటు దగ్గరే మెట్రో, ఉస్మానియా అయినా ఎంజీబీఎస్ దగ్గరే, ఆర్టీసీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో అయితే ఆడవాళ్లకి టికెట్టు డబ్బులే లేవు. నైట్లు చేసి వచ్చాక ఇంట్లో వంట, చుట్టాలు అని లేపకుండా పడుకోనివ్వండి, దాంట్లో మీవారి సాయం ఎక్కువ కావాలి. సంబంధాల గురించి నేనేం చెప్పను. నర్సు అని వెనక్కి తగ్గే ఇల్లు కార్పొరేట్ నర్సునీ వద్దనే అంటుంది.

నా మాటైతే, మీ అమ్మాయికి ఈ రాష్ట్రంలోనే రెగ్యులర్ పోస్టు కొట్టాలని ఉంటే అవుట్‌సోర్సింగ్‌లో చేరమనండి, రెండేళ్లు గడువు పెట్టుకుని పక్కనే పరీక్షకి చదవమనండి. చేరే ముందు ఒకరోజు మీరూ మీవారూ ఆ హాస్పిటల్‌కి వెళ్లి ఓపీ చీటీ లైను దగ్గర, వార్డు బయట ఓ గంట నిలబడి చూడండి. ఏజెన్సీ వాళ్లు ఇచ్చే ఆర్డరులో జీతం అంకె, పీఎఫ్, ఈఎస్‌ఐ, వారానికి ఒక ఆఫ్ రాసి ఉన్నాయా చూడండి. పోస్టు ఇప్పించడానికి ఇంత ఇవ్వాలని ఎవరైనా అడిగితే అక్కడితో ఆపేయండి, రూపాయి కూడా కట్టొద్దు. ఆర్డరు చేతికొచ్చాక సంతకం పెట్టేముందు అందులో ఏం రాశారో నాకు రాయండి, చూసి చెప్తాను.