ఫిల్టర్ మార్చారు, మరి జెట్?

ప్రశ్న: నా పాత యమహా ఆర్‌ఎక్స్ 100 బైకుకి గాలి ఫిల్టర్ బాక్సు తీసేసి కోన్ ఫిల్టర్ బిగించాను. నిదానంగా పోతే బాగానే ఉంది. ఫుల్ రేజ్ ఇస్తే మాత్రం లాగదు, కక్కుతున్నట్టు ఆగి ఆగి పోతుంది. ప్లగ్ తెల్లగా ఉంది. కార్బరేటర్ మీది ఎయిర్ స్క్రూ తిప్పితే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: సరిపోదు. ముందు ఫుల్ రేజ్‌లో తోలడం ఆపండి. పాత బాక్సు మూతి ఇరుకు. ఆ ఇరుకుకు తగ్గట్టే కంపెనీ కార్బరేటర్‌లో జెట్లు, అంటే పెట్రోలును కొలిచి వదిలే సన్న రంధ్రాల ముక్కలు, పెట్టింది. బాక్సు తీసేస్తే గాలి పెరుగుతుంది, జెట్ దగ్గర లాగుడు తగ్గి పెట్రోలు తక్కువ వస్తుంది. మీ బండిలాంటి టూ స్ట్రోక్ ఇంజన్‌లో ఇది బండి లాగకపోవడంతో ఆగదు. వేడికి పిస్టన్ ఉబ్బి బోరులో పట్టేస్తుంది, రీబోర్ ఖర్చు నెత్తిన పడుతుంది.

జెట్ జోలికి పోయేముందు మూడు చూడండి. కార్బరేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య రబ్బరు పగిలినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. పెట్రోలు ట్యాపు జాలీ మూసుకుపోయినా అంతే: ఫుల్ రేజ్‌లో కాసేపు పోగానే కార్బరేటర్‌లో పెట్రోలు నిలిచే ఫ్లోట్ గిన్నె ఖాళీ అవుతుంది. మూడోది ఇంజన్‌కు ఆయిల్ అందించే పంపు కేబుల్. ఎక్సలేటర్ తిప్పినప్పుడు పంపు మీది గుర్తు సరిగ్గా కలవాలి. దీన్ని చాలామంది మరిచిపోతారు.

ఇవి బాగుంటే ఫుల్ రేజ్‌లో పెట్రోలు ఇచ్చే మెయిన్ జెట్ విప్పి దాని మీది నంబరు చూడండి. రెండు మూడు సైజులు పెద్దది వేసి మొదలుపెట్టి, తర్వాత కిందికి దిగండి. చిన్నదాని నుంచి పైకి ఎక్కడం టూ స్ట్రోక్‌లో జూదమే. ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో ఫుల్ రేజ్ ఇచ్చి, కొద్దిగా వెనక్కి వదలండి. అప్పుడు ఊపందుకుంటే జెట్ ఇంకా చిన్నదే. ఫుల్‌లో గుడగుడమంటూ పొగ కక్కితే పెద్దదైంది, ఒక సైజు తగ్గించండి.

ఆ తర్వాతే నీడిల్, అంటే కార్బరేటర్ లోపల రేజ్‌తో పాటు పైకీ కిందికీ కదిలే సూది. పావు నుంచి ముప్పావు రేజ్ దాకా పెత్తనం దానిదే. దాని పైభాగాన ఉండే క్లిప్‌ను ఒక గాటు కిందికి దించితే నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. ఎయిర్ స్క్రూ ఆఖరున: ఇంజన్ బాగా వేడెక్కాక పూర్తిగా బిగించి, ఒకటిన్నర చుట్టు వదిలి, ఐడిలింగ్ ఎక్కడ ఎక్కువగా, నిలకడగా ఉందో అక్కడ ఆపండి. ఈ స్క్రూ బిగిస్తే గాలి తగ్గుతుంది. మూడు చుట్లు వదిలినా బండి ఇంకా వదలమని కోరుతుంటే, ఐడిలింగ్‌లో పెట్రోలు ఇచ్చే పైలట్ జెట్ పెద్దదైనట్టు, ఒక సైజు చిన్నది వేయాలి.

ప్లగ్ రంగును కళ్ళు మూసుకుని నమ్మకండి. ఇథనాల్ కలిపిన పెట్రోలుతో మిశ్రమం సరిగ్గా ఉన్నా ప్లగ్ పాలిపోయినట్టు కనిపించవచ్చు. నన్నడిగితే పాత బాక్సు అటకెక్కించకండి. రోజూ తిరిగే బండికి అదే మేలు. కోన్ ఫిల్టర్ ఇచ్చేదాంట్లో సగం చప్పుడే.

ప్రశ్న: పాత బుల్లెట్ 350కి కొత్త జెట్ ఎందుకు, ఉన్నదాన్నే సూదితో పెద్దది చేస్తానంటున్నాడు మెకానిక్. చేయించవచ్చా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: వద్దు. జెట్ రంధ్రం మిల్లీమీటరులో వందో వంతు తేడాలతో చేసింది. సూది గుచ్చితే గుండ్రం పోతుంది, గీతలు పడతాయి, పైన నంబరు ఒకటి, లోపల కొలత ఇంకొకటి. తర్వాత ఎవరు ట్యూనింగ్ చేసినా తప్పుదారి పడతారు. కొత్త జెట్ పెద్ద ఖరీదేమీ కాదు. మూసుకుపోయిన జెట్‌ను కూడా తీగతో పొడవకండి, కార్బ్ క్లీనర్ కొట్టి గాలి పట్టండి.

ప్రశ్న: కాటన్ ఫిల్టర్ కడిగాక బండి మందగించింది, ఎందుకు?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఫిల్టర్‌కు పట్టించిన ఆయిల్ ఎక్కువైంది, లేదా కడిగాక పూర్తిగా ఆరలేదు. నీడలో దానంతటదే ఆరనివ్వాలి. కంప్రెసర్ గాలి కొడితే కాటన్ చిరుగుతుంది. ఆరాక ప్రతి మడత మీదా ఫిల్టర్ ఆయిల్ సన్నగా ఒక్క వరుస వేసి, ఇరవై నిమిషాల తర్వాత తెల్లగా మిగిలినచోట మాత్రమే మళ్ళీ వేయండి. ఇంజన్ ఆయిల్ మాత్రం పోయకండి.