హార్వర్డ్ ఫ్యాను చేత్తో తిప్పడమేంటి?

ప్రశ్న: సార్, మా మామగారు ఎయిర్‌ఫోర్సులో ఇంజన్ ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. హార్వర్డ్ అనే పాత ట్రైనింగు విమానం గురించి తెగ చెబుతుంటారు. స్టార్ట్ చేసే ముందు దాని ఫ్యాను చేత్తో తిప్పేవాళ్ళంట, అది లేస్తుంటే మైళ్ళ దూరం వినపడేదంట, పైకి లేపడం కంటే కిందికి దించడమే కష్టమంట. మా అబ్బాయేమో ‘తాతయ్య కోతలు’ అని నవ్వుతాడు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: మూడూ నిజమేనమ్మా. ఇప్పుడు ఒంగోల్లో కూర్చుని జవాబులు రాస్తున్నా గానీ, నేనూ ఒకప్పుడు ఆ ఆయిల్లో చేతులు పెట్టినవాణ్ణే.

హార్వర్డ్ ఇంజన్‌కి 9 సిలిండర్లు, చుట్టూ గుండ్రంగా ఉంటాయి. అంటే కొన్ని తలకిందులుగా ఉన్నట్టే. బండి రాత్రంతా ఆగి ఉంటే ఆయిలు మెల్లగా కారి ఆ కింది సిలిండర్లలో చేరుతుంది. గాలి నలుగుతుంది గానీ ఆయిలు నలగదు. అలాగే స్టార్టర్ నొక్కితే పిస్టన్‌ని పట్టుకుని ఉండే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అందుకని స్విచ్చులు ఆఫ్‌లో ఉన్నాయని చూసుకుని ప్రొపెల్లర్‌ని, అదే మీరన్న ఫ్యాన్ని, చేత్తో తిప్పాలి. ఎక్కడన్నా బిగుసుకుంటే బలవంతం చేయకూడదు, కింది సిలిండరు స్పార్క్ ప్లగ్గు విప్పి ఆయిలు వదిలేయాలి. తొందరగాళ్ళు వెనక్కి తిప్పేవాళ్ళు. ఆయిలు ఇన్‌టేక్ పైపులోకి, అంటే ఇంజన్‌లోకి గాలి వచ్చే దారిలోకి పోయి దాక్కుని, స్టార్టయ్యాక మళ్ళీ లోపలికే వచ్చేది. అంతకంటే తెలివితక్కువ పని లేదు.

ఇక అరుపు. అది ఇంజన్‌ది కాదు, ప్రొపెల్లర్‌ది. 600 హార్స్‌పవర్ ఇంజన్, మధ్యలో గేర్లు లేవు. 9 అడుగుల ప్రొపెల్లర్ టేకాఫ్‌లో నిమిషానికి 2,250 చుట్లు తిరుగుతుంది. లెక్కేస్తే ప్రొపెల్లర్ రెక్కల కొసలు సెకనుకి 320 మీటర్ల పైన పోతున్నట్టు. శబ్దం వేగం 340. విమానం ముందుకు పోయే వేగం కూడా కలిస్తే దాదాపు శబ్దంతో సమానం, అందుకే ఆ కేక. మీ అబ్బాయి చేత ఈ గుణకారం చేయించండి.

దించడానికి వస్తే, చిన్న చక్రం తోక కింద ఉంటుంది, బరువేమో పెద్ద చక్రాల వెనక. మన పొగాకు బేళ్ళ ట్రాక్టరు రివర్సులో పోతుంటే ట్రక్కు పక్కకి తిరిగిపోతుంది చూడండి, అదే తంతు. దిగాక కాస్త వంకర పోతే తోక ముందుకొచ్చేస్తుంది, విమానం రెక్క కొస నేలకి రాసుకుంటుంది. పైగా ముక్కు అడ్డమొచ్చి ముందు దారే కనపడదు, నేలమీద పాములా మెలికలు తిప్పుతూ నడపాలి. బెంగుళూరులో ఘాటగే గారు డిజైన్ చేయగా 1951లో ఎగిరిన మన ట్రైనింగు విమానం హెచ్‌టీ-2కీ తోక చక్రమే, కానీ దాని ఇంజన్ 155 హార్స్‌పవరే కాబట్టి తొలిపాఠాలకి సరిపోయింది. హార్వర్డ్ ఆ తర్వాతి క్లాసు. ముక్కుని పక్కలకి తిప్పే రడ్డర్ పెడళ్ళ మీద పైలట్ కాళ్ళు నిద్రపోకుండా చేసిందది, నా లెక్కలో దాన్ని మించిన మాస్టారు లేడు.

మీ మామగారిని నా తరఫున ఒక్కటి అడగండి. కింది ప్లగ్గు విప్పినప్పుడు మొహాన ఆయిలు పడని ఫిట్టరు ఆయనకి ఎవరన్నా తెలుసా అని.