ఎడిటర్ విండో ఒకటి, తెరలు రెండు: పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: ల్యాప్‌టాప్‌కు ఎడమవైపు మరో మానిటర్ పెట్టుకుని పనిచేస్తాను. మానిటర్ తీసేసిన రోజు టెక్స్ట్ ఎడిటర్ తెరిస్తే టాస్క్‌బార్‌లో గుర్తు కనిపిస్తోంది గానీ విండో కనిపించడం లేదు. తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా అదే తంతు. వాడేది విండోస్ 11.

జవాబు: విండో తెరిచే ఉంది, తెర అవతల ఉంది. ఎన్ని మానిటర్లు తగిలించినా విండోస్ వాటన్నిటినీ కలిపి ఒకే పెద్ద బల్లగా లెక్కేస్తుంది. ప్రధాన మానిటర్ ఎడమ పై మూల 0, 0. దానికి ఎడమవైపు 1920 పిక్సెళ్ల వెడల్పున్న మానిటర్ ఉంటే ఆ చోటు మైనస్ 1920 దగ్గర మొదలవుతుంది. చాలా ఎడిటర్లు మూసేటప్పుడు తమ విండో ఉన్న చోటును అంకెల్లో రాసుకుంటాయి. తిరిగి తెరిచినప్పుడు అక్కడ మానిటర్ ఉందో లేదో కొన్ని చూసుకోవు. ఈ అంకెలు మీ యూజర్ ఫోల్డర్‌లోని సెట్టింగుల ఫైల్లో ఉంటాయి. ప్రోగ్రామ్‌ను తీసేసినా ఆ ఫైలు సాధారణంగా మిగిలిపోతుంది కాబట్టే మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా ఫలితం లేదు.

ముందు ఆల్ట్, ట్యాబ్‌తో ఆ ఎడిటర్‌ను ఎంచుకోండి. ఆల్ట్ పట్టుకుని స్పేస్ నొక్కి, తర్వాత ఎం నొక్కండి. ఇప్పుడు ఏదో ఒక బాణం మీటను ఒక్కసారి నొక్కి మౌస్ కదిపితే విండో మౌస్‌కు అతుక్కుని వచ్చేస్తుంది; కావలసిన చోట క్లిక్ చేయండి. ఎం పనిచేయకపోతే విండో మ్యాగ్జిమైజ్ అయి ఉన్నట్టు. అలాంటప్పుడు ముందు ఆల్ట్, స్పేస్, ఆర్ నొక్కి దాన్ని మామూలు సైజుకు తెచ్చి, మళ్లీ మొదలుపెట్టండి. బాణం మీట నొక్కకుండా మౌస్ కదిపితే విండో రాదు, చాలామంది తడబడేది అక్కడే.

రెండు మానిటర్లూ తగిలించి ఉన్నప్పుడైతే ఇదంతా అక్కర్లేదు. విండోస్ మీట, షిఫ్ట్, కుడి లేదా ఎడమ బాణం కలిపి నొక్కితే విండో పక్క తెరకు వెళ్తుంది.

ప్రశ్న: ల్యాప్‌టాప్ తెర మీంచి పెద్ద మానిటర్‌కు లాగగానే విండో చిన్నదైపోతోంది. ఒక ఎడిటర్లో అక్షరాలు మసకబారుతున్నాయి కూడా. మౌస్ సరిహద్దులో కొన్నిచోట్ల ఇరుక్కుంటోంది.

జవాబు: సైజు మారడం తప్పేమీ కాదు. ల్యాప్‌టాప్ స్కేల్ (తెర మీదివి ఎంత పెద్దవిగా చూపాలో చెప్పే సెట్టింగు) 150 శాతం, మానిటర్‌ది 100 శాతం అయితే అక్కడ 1200 పిక్సెళ్లున్న విండో ఇక్కడ 800 అవుతుంది. అక్షరాలు కూడా అదే లెక్కన తగ్గుతాయి కాబట్టి వరుసలో పట్టే అక్షరాల సంఖ్య దాదాపు మారదు. ఎడిటర్ విండోను కొలవాల్సింది ఆ సంఖ్యతోనే. ఒక్కో అక్షరం 8 పిక్సెళ్లు అనుకుంటే, 1920 పిక్సెళ్ల వెడల్పున్న తెరలో సగానికి 120 అక్షరాలు. లైన్ నంబర్లు, స్క్రోల్‌బార్ పోను 100కు పైనే మిగులుతాయి. కోడ్‌కు అది చాలు. తెలుగు అక్షరాల వెడల్పు ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది గనుక తెలుగు రాతకు ఈ లెక్క పనికిరాదు, కంటితో చూసి సరిచేసుకోవాలి.

మసకకు కారణం వేరు. తెరను బట్టి స్కేల్ మార్చుకోవడం రాని పాత ప్రోగ్రామ్‌ను విండోస్ ఫొటోలా సాగదీసి లేదా కుదించి చూపుతుంది. కొత్త వెర్షన్ ఉంటే అదే అసలు మందు. లేకపోతే ప్రోగ్రామ్ ఫైలు ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీకి వెళ్లి, హై డీపీఐ సెట్టింగ్స్‌లో స్కేలింగ్‌ను అప్లికేషన్‌కు వదిలేయండి. అక్షరాలు స్పష్టమవుతాయి గానీ ఒక తెర మీద బాగా చిన్నవి కావచ్చు.

మౌస్ ఇరుక్కునే చోట రెండు తెరల అంచులు కలవడం లేదు. డిస్‌ప్లే సెట్టింగ్స్ బొమ్మలో మానిటర్లను అవి నిజంగా ఉన్న ఎత్తుకు జరపండి.

ప్రశ్న: వీఎస్ కోడ్ ఎడిటర్లో ఒకే ఫైలును రెండు మానిటర్ల మీద చూడొచ్చా?

జవాబు: చూడొచ్చు. కంట్రోల్, కె నొక్కి వదిలి, ఓ నొక్కితే అదే ఫైలు కొత్త విండోలో తెరుచుకుంటుంది. 1.85 వెర్షన్ నుంచి ట్యాబ్‌ను బయటికి లాగినా విడి విండో అవుతుంది. రెండింటి వెనకా ఉన్నది ఒకే ఫైలు కాబట్టి ఇక్కడ టైప్ చేసింది సేవ్ చేయకముందే అక్కడా కనిపిస్తుంది. అదే ఫైలును రెండు వేర్వేరు ఎడిటర్లలో తెరిచి మార్చకండి, ఒకదాని సేవ్ రెండోదాన్ని చెరిపేయవచ్చు.

ప్రశ్న: ఈమ్యాక్స్ ఎడిటర్ ఫ్రేమ్‌ను (అంటే దాని విండోను) ఎడమ మానిటర్‌కు పంపాలని సెట్-ఫ్రేమ్-పొజిషన్‌కు మైనస్ 1920 ఇస్తే ఎక్కడికో పోతోంది. తెర నిండా సాగదీసినా అంచున సన్నని ఖాళీ మిగులుతోంది.

జవాబు: ఆ ఫంక్షన్‌కు మైనస్ అంకె ఇస్తే అది కుడి అంచు నుంచి కొలత అని అర్థం చేసుకుంటుంది. ఫ్రేమ్ పారామీటర్లలో లెఫ్ట్ విలువను బ్రాకెట్లలో ముందు ప్లస్ గుర్తు, ఖాళీ, ఆపైన మైనస్ 1920గా ఇవ్వండి. అప్పుడు ఎడమ నుంచే లెక్కిస్తుంది. ఖాళీ మిగలడానికి కారణం, ఈమ్యాక్స్ మామూలుగా పూర్తి అక్షరాల లెక్కనే సైజు మారుస్తుంది. ఫ్రేమ్-రీసైజ్-పిక్సెల్‌వైజ్‌ను టి (అంటే ‘అవును’) చేస్తే ఆ ఖాళీ పోతుంది.

లినక్స్‌లో విండోలను తెర మీద చూపే వేలాండ్ వ్యవస్థ వాడుతుంటే ఈ అంకెలు పనిచేయకపోవచ్చు, ఎందుకంటే అక్కడ ప్రోగ్రామ్ తన చోటు తానే ఎంచుకోవడానికి వీల్లేదు. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో సూపర్ (విండోస్ మీట), షిఫ్ట్, బాణం మీటలతో ఫ్రేమ్‌ను పక్క తెరకు పంపండి.