అజ్టెక్ శిల్పాల ప్రదర్శనకు ముందే చదువుకుని వెళ్లాలా?

మెక్సికో శిల్పి ఒకాయన, స్పానిష్ వాళ్లు రాకముందు మెక్సికో నడిభాగాన్ని ఏలిన అజ్టెక్‌ల పురాణాలు, మెక్సికో సిటీ చరిత్ర ఆధారంగా పెట్టిన ప్రదర్శనకు పాపతో వెళ్తున్నాం, ముందే ఏమైనా చదవాలా అని ఒకరు అడిగారు. రెండు కథలు తెలిస్తే చాలు. నేను అవీ తెలియకుండానే వెళ్లాను, ఆ వెలితి ఇప్పటికీ ఉంది.

2018 వేసవిలో న్యూయార్క్ క్వీన్స్‌లో ఉన్న మోమా పీఎస్1 అనే ఆర్ట్ మ్యూజియంలో, ఒకప్పటి బడి భవనం అది, ఫెర్నాండో పాల్మా రోడ్రిగేజ్ ప్రదర్శన చూశాం. ఆయన మెకానికల్ ఇంజినీరింగ్ కూడా నేర్చుకున్న కళాకారుడు, ఉండేది మెక్సికో సిటీకి దక్షిణాన మిల్పా ఆల్టాలో. అజ్టెక్‌ల భాష నావాట్ల్ అక్కడ ఇప్పటికీ వినిపిస్తుంది. ఆయన శిల్పాలంటే రాయి, కంచు కాదు. ఎండిన మొక్కజొన్న పొట్టు, మోటార్లు, వైర్లు, సర్క్యూట్ బోర్డులు, అన్నీ పైకే కనిపిస్తుంటాయి. నాది ఫ్యాక్టరీ ఆటోమేషన్ పని కాబట్టి వైరింగ్ ఎలా చేశాడా అని వంగి చూస్తున్నాను, ఉన్నట్టుండి మోటారు తిరిగింది, ఆ ఎండు పొట్టంతా ఒక్కసారి గలగలమంది. మాది కరీంనగర్ వైపు. కోతకొచ్చిన మక్క చేనులో గాలి తోలితే వచ్చే చప్పుడు అచ్చం అదే. మా అమ్మాయి భయపడి నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది, నాకు మాత్రం అక్కణ్నుంచి కదలబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చాక చదివాను. క్వెట్జల్‌కోవాట్ల్ అనే దేవుడు నల్ల చీమగా మారి, ఎర్ర చీమ వెంట కొండలోకి దూరి, అక్కడున్న మక్క గింజల్ని మనుషుల కోసం తెచ్చాడట. మక్క పుట్టింది నిజంగా ఆ గడ్డమీదే.

రెండోది నగరం కథ. నావాట్ల్‌లో ఊరిని ఆల్టెపెట్ల్ అంటారు, నీరు, కొండ అనే రెండు మాటలు కలిపి, మనం కూడూ గూడూ అని బతుకంతటినీ చెప్పినట్టు. అజ్టెక్‌ల టెనోచ్‌టిట్లాన్ సరస్సు మధ్య దీవి మీద ఉండేది, 1521లో స్పానిష్ వాళ్లు దాన్ని పడగొట్టి అక్కడే మెక్సికో సిటీ కట్టారు. 1978 ఫిబ్రవరిలో ఆ నగరం నడిబొడ్డున కరెంటు పనివాళ్లు తవ్వుతుంటే 3 మీటర్ల పైచిలుకు వెడల్పున్న గుండ్రటి రాయి బయటపడింది, దాని మీద కాళ్లూ చేతులూ తెగిన కొయొల్‌షౌకీ అనే దేవత బొమ్మ. కొండ మీద ఉన్న తల్లిని చంపడానికి వస్తే, అప్పుడే పుట్టిన తమ్ముడు ఆమెను నరికి కిందికి తోసేశాడని కథ. ఆ రాయి దొరికింది సరిగ్గా అజ్టెక్‌ల పెద్ద గుడి మెట్ల కింద. అంటే ఆ గుడే వాళ్లకు కొండ! ఇది తెలిశాక నాకు ఒళ్లు జలదరించింది.

పాపకు చీమ కథ కారులోనే చెప్పేయండి. మా అమ్మాయికి ఆలస్యంగా చెప్పాను, వినగానే మళ్లీ వెళ్దాం నాన్నా అంది. అప్పటికే సెప్టెంబరు వచ్చి ఆ ప్రదర్శన ఎత్తేశారు.