పెరట్లో కోళ్లు పెంచుకోకూడదా? చంపేస్తానన్నవాళ్ల మీద కేసు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది తెనాలి శివారులో ఒక కాలనీ. సొంత ఇల్లు. వెనక పెరట్లో పన్నెండు నాటు పెట్టలు, రెండు పుంజులు ఉన్నాయి. ఇంట్లోకి వాడుకోగా మిగిలిన గుడ్లు వీధిలోనే అమ్ముతాను. పక్కింట్లో ఉండే రిటైర్డ్ మాస్టారు తెల్లవారుజామున కూతకు నిద్ర పట్టడం లేదని, వాసన వస్తోందని ఏడాదిగా గొడవ పడుతున్నారు. మా కోళ్లు గోడ దూకి ఆయన మొక్కలు తింటున్నాయనీ అంటారు. "వీటిని తీసేయకపోతే మందు పెట్టి చంపేస్తానమ్మా, చూస్తుండు" అని ఒకసారి నలుగురి ముందే అన్నారు. పోయిన వారం పొద్దున్నే గూడు తలుపు తీస్తే నాలుగు పెట్టలు చచ్చిపడి ఉన్నాయి. అప్పుడే పాతిపెట్టేశాం. రెండు రోజుల తర్వాత మున్సిపాలిటీ నుంచి ఒకాయన వచ్చి కోళ్లన్నీ తీసేయమని నోటితో చెప్పి వెళ్లారు. నేను కోళ్లు పెంచుకోకూడదా? మాస్టారి మీద కేసు పెట్టొచ్చా? ఇంకో సంగతి. మా మరిది సంక్రాంతి బరికి ఒక పుంజు ఇవ్వమంటున్నాడు. ఇస్తే నా మీదకు వస్తుందా?
– ఒక సోదరి

జవాబు: ముందు చచ్చిపోయిన పెట్టల సంగతి చూద్దాం. మిగతా వాటికి టైముంది, దీనికి లేదు.

ఎవరైనా కావాలని మీ కోళ్లకు విషం పెట్టి చంపితే అది నేరమే. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 325 దీనికోసమే ఉంది. జంతువును చంపినా, విషం పెట్టినా, అవిటిదాన్ని చేసినా ఐదేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పాత ఐపీసీలో ఆ జంతువు ఖరీదు పది రూపాయలా, యాభై రూపాయలా అన్న లెక్క ఉండేది. కొత్త చట్టం ఆ లెక్క తీసేసింది. జంతువు అంటే మనిషి కాక ప్రాణమున్న ఏ జీవి అయినా సరే అని కూడా చెప్పింది. కాబట్టి "కోళ్లే కదమ్మా, పోనీలే" అని స్టేషన్లో ఎవరైనా అంటే ఈ సెక్షన్ పేరు చెప్పండి. ఫిర్యాదు తీసుకోకపోతే అదే కాగితాన్ని స్పీడ్ పోస్టులో ఎస్పీకి పంపండి. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లొచ్చు.

అయితే ఇప్పుడున్న పరిస్థితిలో మాస్టారి పేరు రాసి కేసు పెట్టమని మాత్రం నేను చెప్పను. ఆయన బెదిరించారు, కోళ్లు చచ్చాయి. ఈ రెంటినీ కలిపే ఆధారం మీ దగ్గర లేదు. కొక్కెర తెగులు తగిలినా కోళ్లు తెల్లారేసరికి ఇలాగే రాలిపోతాయి. చనిపోకముందు ఏ పెట్టయినా మెడ వంకర తిప్పిందా, నోరు తెరిచి ఆయాసపడిందా, ఆకుపచ్చగా పారిందా గుర్తు తెచ్చుకోండి. మిగిలిన వాటిలో అలాంటి లక్షణం ఒక్కటి కనపడినా ఈరోజే పశువైద్యశాలకు వెళ్లండి. ఒక పెద్దాయన మీద విషం పెట్టాడన్న నింద వేశాక అది తెగులని తేలితే, మీ మాటకు కాలనీలోనూ విలువ ఉండదు, కోర్టులోనూ ఉండదు.

పాతిపెట్టి వారమైంది కాబట్టి ఆ నాలుగింటి నుంచి ఇప్పుడు తేలేది పెద్దగా ఉండదు. ఇకమీదట ఒక్క కోడి అనుమానంగా చచ్చినా ఒట్టి చేత్తో ముట్టుకోవద్దు. పడి ఉన్నచోటే ఫోటోలు తీయండి. చుట్టుపక్కల నూకలు, అన్నం ముద్దలు, పొట్లాల్లాంటివి మీరు వేయనివి కనిపిస్తే వాటినీ ఫోటో తీసి, విడిగా కవర్లో పెట్టండి. కోడిని రెండు పాలిథిన్ కవర్లలో చుట్టి, ముందు పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి. పోలీసులు లేఖ రాస్తే పశువైద్యుడు పోస్టుమార్టం చేసి, లోపలి భాగాలను పరీక్షకు పంపే వీలుంటుంది. విషమన్నది కాగితం మీద తేలితే అప్పుడు "మందు పెడతాను" అన్న మాటకు బరువొస్తుంది. ఆ మాట విన్న నలుగురూ సాక్షులవుతారు. ఇప్పటికి ఒక పని చేయండి. ఆయన ఏ తేదీన, ఎవరెవరి ముందు అలా అన్నారో, పెట్టలు ఏ రోజు చనిపోయాయో రాసి స్టేషన్లో ఇచ్చి రసీదు తీసుకోండి. ఎవరినీ నిందించకుండా, జరిగింది జరిగినట్టు రాయండి చాలు.

పోస్టుమార్టం ఇంకో కారణంగానూ ముఖ్యం. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చి ఎన్ని కోళ్లు పోయాయో మీకూ తెలుసు. జంతువుల అంటురోగాల నివారణకు 2009లో వచ్చిన కేంద్ర చట్టం ప్రకారం, అలాంటి రోగం సోకిందన్న అనుమానం వస్తే చెప్పాల్సిన బాధ్యత కోళ్ల యజమానిదే. పది కోళ్లున్నా, పదివేలున్నా తేడా లేదు. రోగం బయట పడితే కిలోమీటరు లోపల పక్షులను చంపించేస్తారు. అలా చంపించిన వాటికి ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. ముందే చచ్చిపోయి, చెప్పకుండా పాతిపెట్టిన వాటికి పైసా రాదు. సంచార పశువైద్య సేవల ఫోన్ నంబరు 1962, గోడ మీద రాసి పెట్టుకోండి.

ఇక అసలు ప్రశ్న. సొంత ఇంటి పెరట్లో పది పన్నెండు కోళ్లు పెంచుకోకూడదని చెప్పే చట్టమేదీ నాకు కనపడదు. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి లాంటివి 5,000 పక్షులు దాటిన ఫారాల సంగతి, మీకు వర్తించవు. అయితే మీ కోళ్ల వల్ల పక్కవాళ్లు ఇంట్లో ప్రశాంతంగా ఉండలేని పరిస్థితి వస్తే, చట్టం దాన్ని న్యూసెన్స్ అంటుంది. అప్పుడు మాస్టారు సివిల్ కోర్టులో ఇంజంక్షన్ దావా, అంటే దాన్ని ఆపించమని కోరే దావా, వేయొచ్చు. చుట్టుపక్కల అందరికీ ఇబ్బందైతే భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 152 కింద ఆర్డీవో ముందుకు వెళ్లొచ్చు. ఇది ఉత్తుత్తి బెదిరింపు కాదు. 2025 ఫిబ్రవరిలో కేరళలోని అడూర్‌లో తెల్లవారుజామున మూడింటికే పక్కింటి పుంజు కూతతో నిద్ర లేకుండా పోతోందని ఒక పెద్దాయన ఫిర్యాదు చేశారు. ఆర్డీవో ఇద్దరి మాటా విని, మేడ మీదున్న గూడును పద్నాలుగు రోజుల్లో స్థలంలో ఇంకో పక్కకు మార్చమన్నారు. కోళ్లు పెంచొద్దనలేదు. గూడు ఎక్కడ ఉండాలో చెప్పారు, అంతే.

మీరూ ఆ పని ఎవరూ చెప్పకముందే చేసేయండి. మాస్టారి పడకగది గోడకు ఆనుకుని గూడుంటే ఈ వారంలోనే అవతలి వైపుకు మార్చండి. గాలి ఆడేలా ఉంచి, రాత్రిళ్లు వెలుతురు పడకుండా గోనెపట్టా కప్పితే పుంజు కాస్త ఆలస్యంగా కూస్తుంది. నిజానికి గుడ్ల కోసమైతే మీకు పుంజు అక్కర్లేదు, పెట్టలు పుంజు లేకుండానే పెడతాయి. పిల్లల్ని తీయించాలంటేనే పుంజు కావాలి, దానికి ఒకటి చాలు. రెండో దాన్ని ఊళ్లో చుట్టాలింటికి పంపితే గొడవ సగం తగ్గుతుందని నా నమ్మకం. పెంట రోజూ ఎత్తి, గూటి కింద పొట్టు గానీ పొడి బూడిద గానీ చల్లి, వానాకాలంలో సున్నం వేయండి. వాసన మీద వచ్చే ఫిర్యాదుకు శుభ్రమైన గూడును మించిన వాదన ఏ లాయరూ చెప్పలేడు. తేదీ పడేలా ఫోటోలు తీసి ఉంచుకోండి.

మొక్కలు తినడం గురించి. 1871 నాటి పశువుల చొరబాటు చట్టంలో ఆవులు, గేదెలు, మేకలు, పందులు, చివరకు ఏనుగులు కూడా ఉన్నాయి గానీ కోళ్లు లేవు. కాబట్టి మీ కోళ్లను పట్టి బందెలదొడ్డికి తోలే అధికారం ఆయనకు లేదు. నష్టపరిహారం అడిగే హక్కు మాత్రం ఉంది. గోడ మీద నాలుగడుగుల వల కట్టిస్తే ఆ మాటే రాదు.

మున్సిపాలిటీ ఉద్యోగి నోటితో చెప్పినంత మాత్రాన కోళ్లు తీసేయాల్సిన పని లేదు. అలాగని ఆయనతో వాదన పెట్టుకోవద్దు. "ఏ కారణంతో, ఏ నిబంధన కింద తీసేయమంటున్నారో రాసి ఇవ్వండి" అని మున్సిపల్ ఆఫీసులో ఒక అర్జీ ఇవ్వండి. కాగితం మీద నోటీసు వస్తే మాత్రం అందులో ఇచ్చిన గడువులోపు తప్పకుండా జవాబివ్వాలి. గూడు మార్చిన ఫోటోలు, కొక్కెర తెగులు టీకా వేయించిన చీటీలు జతచేయండి. నోటీసుకు జవాబివ్వకుండా ఊరుకున్నవాళ్లే ఎక్కువగా నష్టపోతారు. అద్దె ఇంట్లో ఉండి ఇది చదువుతున్నవారు మాత్రం ముందు అగ్రిమెంటు తీసి చూసుకోవాలి. ఓనరు ఒప్పుకోకుండా పెరట్లో పక్కా షెడ్డు కట్టడం కుదరదు.

ఇవన్నీ చేశాక మాస్టారితో మధ్యవర్తుల సమక్షంలో కూర్చోండి. తెనాలి కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్తే, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో మాట్లాడిస్తారు. ఫీజు ఉండదు. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీతో, అంటే కోర్టు తీర్పుతో, సమానమైన విలువ ఉంటుంది. మహిళ కాబట్టి ఆదాయంతో సంబంధం లేకుండా మీకు ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. 15100కు ఫోన్ చేసినా దారి చెప్తారు. మీ పక్కన దశాబ్దాలు బతకాల్సిన మనిషితో ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరగడం కన్నా ఇది వెయ్యి రెట్లు నయం.

మీ మరిదికి మాత్రం పుంజు ఇవ్వకండి. జంతువుల్ని పోట్లాటకు ఉసిగొల్పడం, అందుకు చోటివ్వడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం సెక్షన్ 11 కింద నేరం. పందెం కాస్తే 1974 నాటి జూద నిరోధక చట్టం కూడా వర్తిస్తుంది. 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు కోడి పందేలను అడ్డుకోవాలని అధికారులను ఆదేశించింది కూడా. బరికేనని తెలిసి ఇస్తే నేరానికి సహకరించారన్న మాట మీ మీదకు వస్తుంది. పైగా మాస్టారి చేతికి మీరే ఒక ఫిర్యాదు అందించినట్టవుతుంది. కూరకని అడిగితే ఇవ్వండి, బరికని అడిగితే వద్దని చెప్పండి.